ఇంగ్లీష్ పదాలు వేలకొద్దీ బట్టీ పట్టా, వాడదామంటే ఒక్కటీ రావట్లేదు

కొత్తకలం | సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇంగ్లీష్ పదాల జాబితాలు బట్టీ పడుతున్నా. నోట్‌బుక్‌లో ఎడమవైపు ఇంగ్లీష్ మాట, కుడివైపు తెలుగు అర్థం. ఇప్పటికి 2,400 దాటాయి. ఎవరైనా మాట చెప్పి అర్థం అడిగితే ఠక్కున అప్పజెప్పేస్తా. మెయిల్ రాయాల్సి వస్తే మాత్రం మళ్లీ అదే గుడ్, అదే బ్యాడ్, అదే వెరీ ఇంపార్టెంట్.

పోయిన వారం ధైర్యం చేశా. కొత్త ప్రాజెక్టు నా చేతికిచ్చారు. మేనేజర్‌కి థాంక్స్ చెబుతూ 'ఐ ఫీల్ ఎనర్వేటెడ్ బై దిస్ ఆపర్చునిటీ' అని రాశా. ఎనర్జీ వచ్చిందనడానికి కాస్త గొప్ప మాట అనుకున్నా. సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "పని ఎక్కువైందా? వేరేవాళ్లకి ఇచ్చేయమంటావా?" అన్నారు. అప్పుడు డిక్షనరీ తీసి చూస్తే ఆ మాటకి అర్థం నీరసించిపోవడం!

ఇంకా సిగ్గుచేటు ఏంటంటే ఆ మాట నా నోట్‌బుక్‌లోనే ఉంది. పక్కన 'బలహీనపరచు' అని నా చేతిరాతే.

పద్ధతిలో లోపమా, నా బుర్రలో లోపమా? మొహమాటం లేకుండా చెప్పండి.

చుక్కకామా | సోమవారం రాత్రి 9:58

నవ్వినందుకు ఏమనుకోకండి. నాకూ ఒకటుంది. గోల చేసే పిల్లల గురించి రాస్తూ 'నాయిసమ్ చిల్డ్రన్' అన్నాను. నాయిస్ ఉంది కదా అని. ఆ మాటకి చప్పుడుతో సంబంధమే లేదు, అది 'అనాయ్' లోంచి వచ్చింది. ఇప్పుడు ఎక్కువగా కంపు కొట్టేదాన్ని అంటారు. పాపం పిల్లలు.

పాతపేజీ | సోమవారం రాత్రి 10:31

బుర్రలో లోపమేం లేదండీ. ఎడమ కాలమ్, కుడి కాలమ్, అక్కడుంది చిక్కంతా.

'తగ్గించు' అనే ఒక్క తెలుగు మాట తీసుకోండి. మీ నోట్‌బుక్‌లో మిటిగేట్, అలీవియేట్, కర్టెయిల్, అబేట్ అన్నిటి పక్కనా ఇదే రాసి ఉంటారని పందెం. పరీక్షలో నాలుగింటికీ మార్కు పడుతుంది. వాక్యంలో పెడితే నాలుగూ నాలుగు దారులు పడతాయి.

నొప్పినీ బాధనీ అలీవియేట్ చేస్తాం. మనం 'ఉపశమనం' అంటామే, ఆ చోటు దానిది. రిస్క్‌నీ నష్టాన్నీ మిటిగేట్ చేస్తాం, అంటే అది వచ్చి మీద పడినా దెబ్బ గట్టిగా తగలకుండా చూసుకోవడం. ఖర్చునీ స్వేచ్ఛనీ కర్టెయిల్ చేస్తారు, అందులో కత్తిరింపు ఉంది. అబేట్ మామూలుగా ఎవరో చేసేది కాదు, తుఫాను దానంతటదే అబేట్ అవుతుంది. టీవీ సౌండు వీటిలో దేనితోనూ తగ్గదు. దానికి 'టర్న్ డౌన్' అనే చిన్నమాటే దిక్కు. 'ప్లీజ్ మిటిగేట్ ది వాల్యూమ్' అని ఎవరైనా అంటే అర్థం కాకపోదు కానీ, ఇంగ్లీష్ చెవికి మన 'టీవీని ఉపశమింపజేయి' లాగా వినిపిస్తుంది.

మాటకి అర్థం ఒక్కటే తెలిస్తే చాలదు. దాని చుట్టాలెవరో, ఎవరి పక్కన కూర్చుంటుందో తెలియాలి. 'అబ్జెక్ట్' (దీనాతిదీనమైన) అనే విశేషణం చూడండి, పావర్టీ పక్కనో మిజరీ పక్కనో ఫెయిల్యూర్ పక్కనో తప్ప పెద్దగా కనబడదు. 'రీక్' (కలిగించు) ఉంది, హావక్ (విధ్వంసం) లేకుండా గడప దాటడం అరుదు. ఇవి అర్థం చదివితే వచ్చేవి కావు.

అందుకే ఇంగ్లీష్-తెలుగు నిఘంటువుతో పాటు లర్నర్స్ డిక్షనరీ ఒకటి దగ్గర పెట్టుకోండి. 1978లో వచ్చిన లాంగ్‌మన్‌లో అర్థాలన్నీ సుమారు 2,000 తేలిక మాటలతోనే రాశారు. 1987 నాటి కోబిల్డ్ ఇంకో అడుగు ముందుకేసి అర్థాన్నే పూర్తి వాక్యంగా ఇచ్చింది. ఫలానా మాట వాడితే ఎవరు, దేన్ని, ఎలా చేస్తారో ఆ వాక్యంలోనే తెలిసిపోతుంది. మామూలు డిక్షనరీలో ఒక కష్టమైన మాటకి ఇంకో కష్టమైన మాట అర్థంగా ఇస్తారు, తిరిగి తిరిగి మొదటికే వస్తాం.

రెండునెలలు | సోమవారం రాత్రి 11:15

పెద్దలు మన్నించాలి. చదువుకోండి, పక్కన ఎవరున్నారో గమనించండి, ఇవన్నీ తీరిక ఉన్నవాళ్లకి. నాకు రెండు నెలల్లో జీఆర్ఈ. లిస్టు లేకుండా ఎలా కుదురుతుంది? నాకు తెలిసి మంచి స్కోరు తెచ్చుకున్న ప్రతివాడూ లిస్టు చదివినవాడే.

పాతపేజీ | సోమవారం రాత్రి 11:27

లిస్టు చదవొద్దని నేను అనలేదు తమ్ముడూ. లిస్టులో ఏం రాసుకుంటున్నావన్నదే నా గొడవ.

పైగా పరీక్షే మారింది. యాంటోనిమ్స్, అనాలజీస్ 2011 ఆగస్టులోనే జీఆర్ఈలోంచి తీసేశారు. మాటకి ఎదురుమాట చెప్తే మార్కు వచ్చే రోజులు పోయాయి. ఇప్పుడుండేవి వాక్యంలో ఖాళీలు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఆరు మాటలిచ్చి, ఏ రెండు పెడితే వాక్యం అర్థం ఒకేలా ఉంటుందో పట్టుకోమంటారు. పర్యాయపదాల్లాగే కనబడి ఆ వాక్యంలో మాత్రం ఇమడని జంటని ఎరగా వేస్తారు కూడా. కుడి కాలమ్ నమ్ముకున్నవాళ్లు చిక్కేది అక్కడే.

డబ్బాలపిచ్చి | మంగళవారం ఉదయం 6:50

రెండునెలలు గారి తొందర నాకు అర్థమైంది, రెండేళ్ల కింద నేనూ అదే పడవలో ఉన్నా. లిస్టు ఉండాల్సిందే. దాన్ని కార్డులుగా మార్చండి. ఆంకీ యాప్ అయినా సరే, చెప్పుల డబ్బాలో కాగితం ముక్కలయినా సరే.

మనం ఎంత త్వరగా మర్చిపోతామో 1885లోనే ఎబింగ్‌హౌస్ అనే జర్మన్ పండితుడు అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీ పట్టి కొలిచి చూపించాడు. మొదటి గంటల్లోనే చాలా భాగం జారిపోతుంది, తర్వాత జారుడు నెమ్మదిస్తుంది. కాబట్టి ఒకే రాత్రి యాభై సార్లు వల్లెవేయడం కన్నా జారబోయే ముందు ఒకసారి గుర్తు చేసుకోవడం మేలు. 1972లో లైట్నర్ చెప్పిన డబ్బాల పద్ధతి ఇదే. కార్డు సరిగ్గా చెప్తే అవతలి డబ్బాలోకి పోతుంది, అక్కడ వాయిదా ఎక్కువ. తప్పితే మళ్లీ మొదటి డబ్బాలోకి.

నా పాత కార్డు ఇలా ఉండేది:
ముందు: మిటిగేట్
వెనక: తగ్గించు

ఇప్పటి కార్డు:
ముందు: ది న్యూ డ్రెయిన్స్ విల్ మి_____ ది ఎఫెక్ట్స్ ఆఫ్ హెవీ రెయిన్.
వెనక: మిటిగేట్. వరద ఆగదు, నష్టం తగ్గుతుంది. రిస్క్, డ్యామేజ్, ఇంపాక్ట్ కూడా.

తేడా గమనించారా? పాతదాంట్లో ఇంగ్లీష్ చూసి తెలుగు చెప్పేవాణ్ని. అంటే గుర్తుపట్టడం. కొత్తదాంట్లో మాటని నేనే బయటికి లాగాలి. కొత్తకలం గారూ, ఏడాది పాటు మీరు గుర్తుపట్టడమే సాధన చేశారు, లాగడం చేయలేదు. అందుకే నోటికి రావట్లేదు.

ఒక జాగ్రత్త. మొదట్లో ఆత్రం కొద్దీ రోజుకి 30 కొత్త కార్డులు వేసుకున్నా. మూడో వారానికి రివ్యూలు రోజుకి 200 దాటాయి, నాలుగో వారానికి యాప్ తీసేశా. ఇప్పుడు ఎనిమిది. పండగైనా పబ్బమైనా ఎనిమిదే.

ధాతుమూలం | మంగళవారం ఉదయం 8:12

నేనైతే ఎనర్వేట్‌ని కార్డు కూడా వేయక్కర్లేదంటా. లాటిన్‌లో 'ఎ' అంటే బయటికి, 'నెర్వుస్' అంటే నరం, స్నాయువు. నరం బయటికి లాగేస్తే ఏమవుతుంది? కుప్పకూలడమే. ఒకసారి ఈ బొమ్మ కళ్లముందు మెదిలితే మళ్లీ మర్చిపోతే అడగండి.

అలాగే 'గ్రెక్స్' అంటే మంద. మందలో కలిసి తిరిగేవాడు గ్రిగేరియస్. మందని ఒకచోట చేర్చితే కాంగ్రిగేషన్. మందలోంచి విడదీస్తే సెగ్రిగేషన్. మరి 'ఇగ్రీజస్'? మందలోంచి బయటికి వచ్చి నిలబడ్డది. ఒకప్పుడు మెచ్చుకోలే, 'అసాధారణుడు' అని. రానురాను వ్యంగ్యం కలిసి తిట్టు అయింది. ఇప్పుడు ఇగ్రీజస్ ఎర్రర్ అంటే కళ్లు బైర్లు కమ్మే తప్పు. మన 'ఘనకార్యం' కూడా ఇదే దారి పట్టింది కదా. "చేశావులే ఘనకార్యం" అంటే ఎవరైనా పొంగిపోతారా?

అసలు తెలుగువాళ్లకి ఈ విషయంలో ఒక పెద్ద సదుపాయం ఉంది, ఎవరూ వాడుకోరు. తెలుగు ద్రావిడ భాషే, 1816లోనే ఎల్లిస్ అనే ఇంగ్లీష్ అధికారి ఆ సంగతి రాశాడు. కానీ మన నోట్లో తత్సమాలు మూటలకొద్దీ ఉన్నాయి. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని విలియం జోన్స్ 1786లో అన్నాడు. అంటే ఇంగ్లీష్‌లోని గ్రీకు, లాటిన్ మాటలకి మన ఇంట్లోనే దాయాదులున్నారు. పాదం, పెడెస్ట్రియన్. దంతం, డెంటల్. అగ్ని, ఇగ్నైట్. జానువు అంటే మోకాలు, జెన్యుఫ్లెక్ట్ అంటే మోకాలు వంచడం. మృతి, మోర్టల్. అమృతం, ఆంబ్రోసియా, రెండిట్లోనూ 'చావులేని' అన్న అర్థమే.

అగ్నాస్టిక్, అంటే దేవుడున్నాడో లేడో తెలియదనేవాడు, ఆ మాట 1869లో హక్స్‌లీ అనే శాస్త్రవేత్త పుట్టించాడు. దాంట్లో అగ్నిని వెతక్కండి. 'అ' అంటే కాదు, 'గ్నో' అంటే తెలియడం. మన 'అజ్ఞ' ఎలా కట్టారో అచ్చం అలాగే కట్టిన మాట.

ఇంకొకటి చెప్పి ఆపేస్తా. దంపతిలో 'దం' అంటే ఇల్లు. డొమెస్టిక్‌లో ఉన్నదీ అదే ఇల్లు. మొదట దంపతి అంటే ఇంటి యజమాని. గ్రీకులో దాని తోబుట్టువు ఏ మాటో తెలుసా? డెస్పాట్. నియంత. పెళ్లయినవాళ్లు ఎవరూ ఆశ్చర్యపోరనుకుంటా.

చుక్కకామా | మంగళవారం ఉదయం 8:40

డెస్పాట్ సంగతి మా ఇంట్లో చదివి వినిపించా. ఎవరి గురించన్నది ఇంకా తేలలేదు.

ఎర్రపెన్సిల్ | మంగళవారం ఉదయం 10:05

ధాతుమూలం గారి పోస్టు చదవడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ అసలు మన మిత్రుడు దెబ్బ తిన్నదే మాటని ముక్కలు చేసి ఊహించడం వల్ల. ఎనర్జీలో 'ఎనర్' ఉంది, ఇందులోనూ ఉంది, అయితే ఒకటే అనుకున్నాడు. మూలాలు పట్టుకుని ఈదేవాళ్లందరికీ ఇదే ముప్పు.

పెడెస్ట్రియన్‌లో 'పెడ్' పాదం. పెడగాగ్‌లో 'పెడ్' గ్రీకు పిల్లవాడు. అవుట్‌రేజ్‌లో అవుటూ లేదు, రేజూ లేదు, ఫ్రెంచ్‌లో 'హద్దు దాటడం' అనే మాటకి తోక తగిలించారు. ఇన్‌ఫ్లేమబుల్‌కీ ఫ్లేమబుల్‌కీ అర్థం ఒకటే, రెండూ అంటుకునేవే. 'ఇన్' అంటే కాదు అనుకుని పెట్రోలు డబ్బా దగ్గర అగ్గిపుల్ల గీస్తే వ్యుత్పత్తి శాస్త్రం వచ్చి ఆర్పదు. రెస్టివ్ అంటే రెస్ట్ తీసుకునేవాడు కాదు, కుదురుగా ఉండలేనివాడు. బిమ్యూజ్డ్ అంటే అమ్యూజ్డ్ కాదు, తికమకపడ్డవాడు.

శాంక్షన్, ఓవర్‌సైట్ లాంటివయితే మరీ అన్యాయం. శాంక్షన్ అనుమతీ అవుతుంది, ఆంక్షా అవుతుంది. ఓవర్‌సైట్ పర్యవేక్షణా అవుతుంది, పరాకూ అవుతుంది. వీటికి ఏ ధాతువు దిక్కు?

ధాతుమూలం | మంగళవారం ఉదయం 10:33

ఒప్పుకుంటా. మూలం గుర్తుంచుకోవడానికి, ఊహించడానికి కాదు. ముందు డిక్షనరీలో అర్థం చూడాలి, తర్వాత మూలం చూడాలి. నేను ఆ వరస చెప్పకుండా దూకేశా.

అర్ధరాత్రిదీపం | మంగళవారం మధ్యాహ్నం 2:20

చదవడం గురించి ఎవరూ లెక్క చెప్పలేదు. నేను చెప్తా.

పాల్ నేషన్ అని పదాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన పరిశోధకుడు ఉన్నాడు. నవలలూ పత్రికలూ ఎవరి సాయం లేకుండా చదవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు తెలిసి ఉండాలని 2006లో లెక్కగట్టాడు. మాటలు వినడానికైతే 6,000, 7,000 చాలు. కుటుంబం అంటే డిసైడ్, డిసిషన్, డిసైసివ్ అన్నీ కలిపి ఒకటి. ఆ లెక్క వెనకున్నది 98 శాతం అనే గీత. అంటే యాభై మాటలకి ఒక్కటే తెలియనిది. పేజీకి 300 మాటలనుకుంటే ఆరు.

నేను దీన్ని తిరగేసి వాడతా. కొత్త పుస్తకం తీసి మధ్యలో ఒక పేజీ చదువుతా. తెలియని మాటలు ఆరులోపు ఉంటే ఇంటికి తెచ్చుకుంటా. ఇరవై ఉంటే అక్కడే పెట్టేస్తా. చాలామంది చేసే పొరపాటు ఏంటంటే 'అడ్వాన్స్‌డ్' కావాలని నూటయాభై ఏళ్ల నాటి నవల ఎత్తుకుంటారు. పేజీకి పాతిక సార్లు డిక్షనరీ తీస్తే అది చదవడం ఎలా అవుతుంది? తవ్వడం.

ఆ ఆరింటిలో కూడా అన్నీ రాసుకోను. మళ్లీ ఎదురైనవే రాసుకుంటా. ఒక్కసారి కనబడి మాయమైన మాటకి అంత మర్యాద అక్కర్లేదు.

వ్యాసాలూ థీసిస్‌లూ రాసేవాళ్లు ముందు అకడెమిక్ వర్డ్ లిస్ట్ చూడండి. 2000లో కాక్స్‌హెడ్ తయారుచేసింది, 570 కుటుంబాలే. విద్యాసంబంధ రాతల్లో సుమారు 10 శాతం మాటలు అవేనట. అందులో మెరుపుల మాటలేవీ లేవు. అనలైజ్, డిరైవ్, సిగ్నిఫికెంట్, అంతే. కానీ రోజూ పనికొస్తాయి.

నాలుకమీద | మంగళవారం రాత్రి 8:03

కంటితో నేర్చుకున్న మాటలకి ఇంకో గండం ఉంది, ఉచ్చారణ. 'ఎపిటమీ'ని పదిహేనేళ్లు 'ఎపిటోమ్' అన్నాను. వినేటప్పుడు ఎపిటమీ అని వినేవాణ్ని, చదివేటప్పుడు ఎపిటోమ్ అని చదివేవాణ్ని, రెండూ వేర్వేరు మాటలనుకున్నా! 'హైపర్‌బొలీ' కూడా అంతే, 'బోల్' కాదు. 'అరై'ని 'ఆవ్రీ' అన్నవాళ్లని చూశా. 'ఇన్‌డైట్'లో సి పలకదు.

నా చిట్కా ఒకటే, కార్డు వెనక ఉచ్చారణని తెలుగు లిపిలో రాసుకోవడం. అయితే ఏ అక్షరం మీద ఊనిక పడుతుందో మన లిపి చెప్పదు. రికార్డ్ అనే మాట నామవాచకమైతే మొదట ఊనాలి, క్రియ అయితే చివర. ఆ చోటు కింద గీత గీస్తా.

ఎర్రపెన్సిల్ | మంగళవారం రాత్రి 9:11

మరి అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. మేనేజర్‌కి రాసే థాంక్స్ మెయిల్‌లో అంత పెద్ద మాట ఎందుకు? 'ఐయామ్ ఎక్సైటెడ్' అంటే ఏం తక్కువ?

కంట్లో నలక పడితే 'నా నేత్రంలో నలుసు పడింది' అనం. అదే కంటి ఆసుపత్రి బోర్డు మీద 'నేత్ర వైద్యశాల' అని రాస్తే వింతగా అనిపించదు. ఇంగ్లీష్‌దీ సరిగ్గా ఇదే తంతు. 1066లో నార్మన్లు ఇంగ్లండ్‌ని గెలిచాక ఫ్రెంచ్ మాటలు వచ్చి పడ్డాయి, పైన లాటిన్ పొర ఎప్పుడూ ఉంది. అందుకే ఒకే పనికి మూడు మెట్లు. ఆస్క్ ఇంట్లోది, క్వశ్చన్ ఫ్రెంచ్ నుంచి, ఇంటరాగేట్ లాటిన్ నుంచి, అది పోలీసులది. అడగడం, ప్రశ్నించడం, విచారించడం అని మనకీ మెట్లున్నాయి. ఈ తేడా మనకి పుట్టుకతో తెలుసు. ఇంగ్లీష్‌కి వచ్చేసరికి మాత్రం పై మెట్టే గొప్పదని ఎక్కి కూర్చుంటాం.

మెట్టు ఒక్కటే కాదు, రుచి కూడా. థ్రిఫ్టీ అంటే పొదుపరి, మెచ్చుకోలు. స్టింజీ అంటే పిసినారి, తిట్టు. ఫ్రూగల్ మధ్యలో, కాస్త గౌరవంగా. పార్సిమోనియస్ అంటే పిసినారినే చదువుకున్నవాడు తిట్టడం. మీ నోట్‌బుక్‌లో నాలుగింటికీ 'పొదుపైన' అని ఉంటే రేపు ఎవరి తండ్రినో పొగడబోయి ఇరుక్కుంటారు.

అర్ధరాత్రిదీపం | మంగళవారం రాత్రి 9:26

ఈ వరసలో ఒక సరదా సంగతి. ఇచ్చిపుచ్చుకోవడం ఒకవైపే కాదు. ఇంగ్లీష్‌లో 'బ్యాండికూట్' అనే జంతువుంది కదా, ఆ పేరు మన 'పందికొక్కు'. తెలుగు నుంచి వెళ్లి డిక్షనరీలో కూర్చుంది. ఒక కార్డు తగ్గింది మీకు.

రెండునెలలు | మంగళవారం రాత్రి 11:48

సరే, ఓడిపోయా. లిస్టులోని మాటలకి ఖాళీ వాక్యాలు రాసుకోవడం మొదలెట్టా. గంటకి పన్నెండే అయ్యాయి. మొన్నటిదాకా గంటకి అరవై. భయంగా ఉంది.

డబ్బాలపిచ్చి | బుధవారం ఉదయం 6:44

ఆ అరవైలో ఎన్ని మిగిలాయో కూడా లెక్కపెట్టారా?

కొత్తకలం | ఐదు వారాల తర్వాత, ఆదివారం సాయంత్రం 5:19

ఇన్నాళ్లూ చడీచప్పుడు లేకుండా ఉన్నందుకు క్షమించండి. 2,400 మాటల నోట్‌బుక్ అటకెక్కింది. అందులోంచి 140 మాత్రమే కార్డులయ్యాయి, అదీ నేను చదివేవాటిలో మళ్లీ ఎదురైనవే. పొద్దున ఎనిమిది నిమిషాలు కార్డులు, రాత్రి అరగంట చదువు. మెయిళ్లలో పెద్దగా మార్పేం లేదు, 'మిటిగేట్' ఒకటి రెండుసార్లు పడింది, ఎవరూ ఫోన్ చేయలేదు.

నిన్న రాత్రి మాత్రం ఒకటి జరిగింది. ఎడారి ప్రయాణం మీద వ్యాసం చదువుతుంటే మధ్యలో 'ది ఎనర్వేటింగ్ హీట్' అని తగిలింది. డిక్షనరీ తీయలేదు. నరం లాగేసిన మనిషి ఇసుకలో కూలబడినట్టు కనిపించింది. కార్డు రాసుకున్నా. పక్కన హీట్, క్లైమేట్ అని చుట్టాల పేర్లు కూడా.

చుక్కకామా | ఆదివారం సాయంత్రం 5:31

శుభం. మరి ఆ మెయిల్‌లో అసలు ఏం చెప్పబోయారో మేనేజర్‌కి చెప్పారా?

కొత్తకలం | ఆదివారం సాయంత్రం 5:33

లేదు. పని ఎక్కువైందనే చెప్పా. ఇద్దరు మనుషుల్ని అదనంగా ఇచ్చారు.